చెల్క నేల మీద రైలు: మోడల్ లేఅవుట్‌కి మన దిక్కు రంగు ఎట్లా తేవాలి

తమ్మీ, నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తా, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మోడల్ రైలు కోసం ఆరడుగులకు నాలుగడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ (నిజందానిలో 87వ వంతు సైజు) ట్రాక్ వేశావు. చుట్టూ తిరిగే లైను ఒకటి, స్టేషన్‌లో బండి ఆగే పక్క లైను (లూప్) ఒకటి, సరుకు బండ్లు నిలిపే గూడ్స్ సైడింగ్ ఒకటి. బండ్లు బాగానే తిరుగుతున్నాయి. పచ్చ గడ్డి మ్యాట్ పరిచి, డబ్బాల్లో వచ్చిన చెట్లు, ఇండ్లు పెట్టావు. అయినా చూసినవాళ్లు బొమ్మ రైలు బాగుంది అనే అంటున్నారు. జడ్చర్ల, దేవరకద్ర దిక్కు స్టేషన్‌లాగా కనిపించాలంటే ఇంకా ఏమేం కొనాలి, కంకర అతికిస్తే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మార్చే కదిలే పట్టాలు) పట్టేస్తాయా, దుమ్ము నుంచి ఎట్లా కాపాడాలి, ఇవీ నీ ప్రశ్నలు.

కొనడం కొన్నాళ్లు ఆపు. నువ్వు పెట్టిన ఫోటోలు చూశాను, నీ బల్ల మీద సామానుకేం తక్కువ లేదు. అది ఏ ఊరో తెలియడం లేదు, అంతే. జర్మనీ ఇల్లు, ఇంగ్లాండ్ గడ్డి, మధ్యలో మన డీజిల్ ఇంజిన్. నేల రంగు తప్పితే పైన ఎంత ఖరీదైన వస్తువు పెట్టినా కన్ను ఒప్పుకోదు. నేల, బండలు, చెట్లు ఈ మూడూ మన దిక్కువి అయితే మాత్రం సగం ఇండ్లు తీసేసినా చూసినవాళ్లు ఇది పాలమూరు కదా అని వాళ్లే అంటారు. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం మట్టి గురించీ రాళ్ల గురించే ఉంటుంది.

మొదటి పని కాగితం మీద చెయ్యాలి. ఒక చోటు, ఒక నెల రాసుకో. సికింద్రాబాద్ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా డోన్ పోయే లైను వేరు, బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా నడికుడి పోయే లైను వేరు. మహబూబ్‌నగర్ దిక్కు ఎర్ర చెల్కలు (ఇసుక కలిసిన ఎర్ర నేలలు), గుండ్రటి బండల గుట్టలు, సీతాఫలం పొదలు, పత్తి, ఆముదం. నల్లగొండ దిక్కు బత్తాయి తోటలు, మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి, రైస్ మిల్లులు, విష్ణుపురం చేరేసరికి సిమెంటు దుమ్ము. గద్వాల దాటి అలంపూర్ దిక్కు పోతే నల్లరేగడి కూడా తగులుతుంది. ఇవన్నీ ఒక్క బల్ల మీద కలిపావంటే మళ్లీ ఏ ఊరూ కాకుండా పోతుంది. వనపర్తి రోడ్, అలంపూర్ రోడ్ లాంటి స్టేషన్లు ఊరికి దూరంగా ఒంటరిగా ఉంటాయి కాబట్టి ఆరడుగుల బల్లకు అట్లాంటివే బాగా కలిసొస్తాయి. చిన్న స్టేషన్ భవనం, రెండు వేప చెట్లు, ఒక చాయ్ డబ్బా, అవతల చేను, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీని నింపాలని ఆరాటపడకు, మన దిక్కు స్టేషన్లకు అందం తెచ్చేది ఆ ఖాళీయే.

నెల అయితే నేను నవంబర్ చివర పెట్టుకోమంటా. గడ్డి చాలావరకు ఎండి, నీళ్లున్న చోట ఇంకా పచ్చగా ఉంటుంది, పత్తి పగిలి ఉంటుంది, వరి కోసిన మడులు ఉంటాయి, కుంటల్లో ఇంకా నీళ్లుంటాయి. అన్ని రంగులూ దొరుకుతాయి. మే నెల పెట్టుకుంటే కూడా తప్పులేదు కానీ అప్పుడు పచ్చ రంగు డబ్బా మూత తియ్యకూడదు, ఆ నిగ్రహం మొదటి లేఅవుట్‌కే కష్టం. కాలం కూడా తేల్చుకో. మహబూబ్‌నగర్ లైను ఒకప్పుడు మీటర్ గేజ్, 1990లలో బ్రాడ్ గేజ్ అయింది. ఆ తర్వాత చాలా ఏండ్లు డీజిల్, ఇప్పుడు కరెంటు లైను. నీ దగ్గర ఉన్నది డీజిల్ ఇంజిన్ కాబట్టి కరెంటు స్తంభాలు లేని రోజులు పెట్టుకో, పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఆ పచ్చ మ్యాట్ పీకెయ్. నొప్పిగా ఉంటుంది, తెలుసు, పైసలు పెట్టి కొన్నదే. అయినా పీకెయ్. బల్ల అంతా మామూలు ఇంటి ఎమల్షన్ పెయింట్ ఒక కోటు వెయ్యి. ఇటుక ఎరుపులో కాస్త గోధుమ రంగు, కాస్త తెలుపు కలిపితే వచ్చే వెలిసిన ఎరుపు. రేపు పైన మట్టి ఎక్కడన్నా రాలిపోయినా కింద ప్లైవుడ్ కనిపించదు.

పైన వేసేది నిజమైన చెల్క మట్టి. ఊరవతల ఎక్కడైనా దొరుకుతుంది, పెద్ద పైసలు పెట్టి బయటి దేశం పొడి తెప్పించుకోవాల్సిన పని లేదు. కానీ తెచ్చిన మట్టిని తెచ్చినట్టే చల్లొద్దు. ఎండలో బాగా ఆరబెట్టు, పాత పెనం మీద కాసేపు వేడి చెయ్యి, పురుగు, గుడ్లు, గడ్డి విత్తనం ఏమున్నా పోతాయి. ముందు పిండి జల్లెడతో, తర్వాత పల్చటి పాత పంచె గుడ్డతో జల్లించు. గుడ్డలోంచి దిగిన మెత్తటి పొడి బాటలకు, ఇంటి ముందర వాకిళ్లకు. జల్లెడలో దిగి గుడ్డ మీద ఆగినది దున్నిన చేనుకు. ఆ తర్వాత ఒక పని తప్పకుండా చెయ్యాలి: పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టి మట్టి మొత్తంలో తిప్పు. నల్లటి పొడి కవర్‌కి అంటుకుంటుంది. మన ఎర్ర మట్టిలో, వాగు ఇసుకలో ఇనుప రేణువులు ఉంటాయి. వాటిని ఇంజిన్ మోటారు అయస్కాంతం లాగేసుకుంటుంది, గేర్లలోకి పోతాయి, ఆ తర్వాత ఇంజిన్ గొంతు మారిపోతుంది. నల్ల పొడి రావడం ఆగిపోయేదాకా తిప్పు, అప్పటిదాకా ఆ మట్టిని ట్రాక్ దరిదాపులకు రానివ్వకు.

ఇంకోటి, జిగురు తగిలితే మట్టి ముదురు రంగుకు తిరుగుతుంది, ఆరినాక కూడా పూర్తిగా వెనక్కి రాదు. పైగా చిన్న సైజులో ఏ రంగైనా నిజందానికంటే ముదురుగానే కనిపిస్తుంది. అందుకని మట్టిలో నాలుగో వంతు దాకా లేత క్రీమ్ రంగు టైల్ గ్రౌట్ పొడి కలుపు. ముందు ఒక అట్టముక్క మీద అతికించి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూసుకో. ట్యూబ్‌లైట్ కింద చూసి రంగు ఖాయం చెయ్యొద్దు.

కంకర సంగతికి వస్తా. రైల్వే వాళ్లు వాడే కంకర 20 నుంచి 65 మి.మీ. సైజు. హెచ్‌ఓ అంటే 87లో ఒక వంతు కాబట్టి మన రేణువు సుమారు పావు మి.మీ. నుంచి ముప్పావు మి.మీ. మధ్య ఉండాలి. బజారులో కంకర అని అమ్మే ప్యాకెట్లు చాలావరకు దీనికంటే లావు, ట్రాక్ పక్కన బండరాళ్లు పోసినట్టు ఉంటుంది. మన దగ్గర క్రషర్‌లకు కొదవ లేదు. క్రషర్ డస్ట్ (రాయి కొట్టే మిషన్ దగ్గర మిగిలే పొడి) ఒక సంచి తెచ్చుకుని రెండు జల్లెడల మధ్య పట్టుకుంటే అచ్చం మన లైన్ల మీద కనిపించే బూడిద రంగు గ్రానైట్ కంకర వస్తుంది. నీళ్లలో కడిగి దుమ్ము తీసెయ్, ఆరబెట్టు, దీనికీ అయస్కాంతం తిప్పు.

కంకర పోసేముందే రైలు పట్టాల పక్క భాగాలకు తుప్పు గోధుమ రంగు వెయ్యి. ఈ ఒక్క పని అయినా చెయ్యి, రెండు గంటల్లో అయిపోతుంది, వెండి తీగల్లా మెరిసే పట్టాలు మాయమై నిజం రైలు పట్టా కనిపిస్తుంది. పై అంచు మాత్రం గుడ్డతో తుడిచెయ్, కరెంటు అందేది అక్కడే. స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) చెక్క రంగులో ఉంటే లేత సిమెంటు బూడిద వెయ్యి, పట్టా కింద రెండు పక్కలా కాస్త తుప్పు రంగు తగిలించు. ఇప్పటి లైన్లన్నీ కాంక్రీట్ స్లీపర్లే కదా.

ఆ తర్వాత పొడి కంకర పోసి మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు నెట్టు. స్లీపర్ల పైన ఒక్క రేణువు కూడా మిగలకుండా వేలితో కొట్టి దించు. ఓపిక అంతా ఇక్కడే పెట్టాలి, జిగురు పడ్డాక సరిచేయడం కుదరదు. నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం కలిపి, స్ప్రేతో సన్నటి మంచులాగా తడుపు. సబ్బు లేకపోతే జిగురు రేణువుల మీద ముత్యంలాగా నిలబడిపోతుంది, లోపలికి దిగదు. తడిసిన తర్వాత ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి, సూది తీసేసిన సిరంజితో పట్టాల మధ్యలో, పక్కల్లో చుక్కలు చుక్కలుగా వదులు. పాలలాగా తెల్లగా కనిపిస్తుంది, భయపడకు, ఆరితే కనిపించదు. ఒక రోజంతా ముట్టుకోకు.

పాయింట్లు పట్టేస్తాయా అన్నావు. జిగురు పారితే కచ్చితంగా పట్టేస్తాయి. కదిలే పట్టాల కింద, వాటిని నెట్టే కడ్డీ చుట్టూ కంకర అసలు పోయొద్దు, ఆ చోట బల్లకే బూడిద రంగు వేసి వదిలెయ్, నిలబడి చూస్తే ఎవరికీ తేడా తెలియదు. మిగతా భాగానికి సిరంజి కాకుండా సన్న బ్రష్‌తో జిగురు పెట్టు. కీలు ఉన్న చోట ముందే ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి ఉంచితే జిగురు అంటుకోదు. ఆరుతున్నప్పుడు అరగంటకోసారి పాయింట్ అటూ ఇటూ మారుస్తూ ఉండు. అంతా ఆరాక పట్టాల పైభాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి అప్పుడు బండి తిప్పు.

సైడింగ్‌లో కంకర మెయిన్ లైన్‌లా పోయకు. అక్కడ కంకర తక్కువ, మట్టి ఎక్కువ, స్లీపర్ల మధ్య గడ్డి. లూప్‌లో ఇంజిన్ ఆగే చోట పట్టాల మధ్య నల్లటి నూనె మరక. బండ్లు బ్రేకు వేసే ప్లాట్‌ఫాం దగ్గర కంకర మీద గోధుమ రంగు దుమ్ము. ఒకే పొడి, మూడు రకాల వాడకం. ఏ లైను మీద ఏం నడుస్తుందో బండి లేకుండానే తెలిసిపోవాలి.

ఇక బండలు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన దిక్కు గుర్తు ఇదే, దీన్నే అందరూ తప్పు చేస్తున్నారు. బజారులో దొరికే రాతి అచ్చులన్నీ యూరప్, అమెరికా కొండలవి, పొరలు పొరలుగా, పలకలు పలకలుగా ఉంటాయి. మనవి గ్రానైట్ గుట్టలు, సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి రాయి, పొరలు ఉండవు. రాయిలో నిలువు, అడ్డం పగుళ్లు ఉంటాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలు ముందు అరిగిపోతాయి, మధ్యలో మెత్తబడ్డ మట్టి వానలకు కొట్టుకుపోతుంది, గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి మిగిలిపోతాయి. ఎవరో పేర్చినట్టు కనిపిస్తాయి కానీ ఎవరూ పేర్చలేదు, ఉన్న చోటనే చెక్కుకుపోయాయి. ఈ సంగతి తెలిస్తేనే చెయ్యడం వస్తుంది. వేర్వేరు గుండ్లు చేసి గుట్టగా పోస్తే కంకర లారీ బోల్తా పడ్డట్టు ఉంటుంది. ముందు ఒకే పెద్ద దిమ్మ చెయ్యి, దాని మీద అడ్డంగా, నిలువుగా పగుళ్లు గియ్యి, ఆ గీతల వెంబడి మూలలు గుండ్రంగా చెక్కు. అప్పుడు పక్కపక్క బండల పగులు ఒకే వరసలో నడుస్తుంది, కన్ను వెంటనే నమ్ముతుంది.

దిమ్మ లోపల థర్మోకోల్ పెట్టు, బల్ల బరువెక్కదు. దాని మీద పల్చటి గుడ్డ ముక్కలు ఫెవికాల్‌తో అతికించి, పైన వాల్ పుట్టీ లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఒక అంగుళంలో మూడో వంతు మందం పూసి, పూర్తిగా గట్టిపడకముందే పాత చాకుతో చెక్కడం మొదలుపెట్టు. థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే డబ్బా పెయింట్ కొట్టకు, అందులోని ద్రావకానికి కరిగి గుంటలు పడుతుంది. నీళ్లతో కలిపే రంగులే వాడు. గుట్ట కింద విడిగా పడి ఉండే చిన్న గుండ్లకు ఒక సులువు ఉంది. గట్టిపడిన ప్లాస్టర్ ముక్కలు ఒక రేకు డబ్బాలో వేసి మూత పెట్టి బాగా గిలకొట్టు, మూలలు వాటంతట అవే అరిగి గుండ్రంగా వస్తాయి. నిజం గ్రానైట్ ముక్కలే పెడితే పోదా అంటారు కొందరు. పెట్టి చూడు, అందులో మెరిసే రేణువులు ఈ సైజుకు తలకాయంత కనిపిస్తాయి.

రంగు కూడా చెప్తా. లేత బూడిదలో చిటికెడు గులాబీ, చిటికెడు గోధుమ, ఇది మొదటి కోటు. ఆరాక నీళ్లలాంటి పల్చటి నల్ల రంగు మొత్తం పారించు, పగుళ్లలో నిలుస్తుంది. అది ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో క్రీమ్ తెలుపు ఎత్తుగా ఉన్న చోట్ల రుద్దు. చివరగా బండ తల మీది నుంచి కిందికి నిలువు నల్ల చారలు. వాన నీళ్లు కారే చోట మన గుట్టల మీద ఆ చారలు ఎప్పుడూ ఉంటాయి, భువనగిరి గుట్ట చూసినవాళ్లకు చెప్పక్కర లేదు. బండ నేలను తాకే చోట ఎర్ర మట్టి పొడి కాస్త పైకి చిందినట్టు రుద్దు, లేకపోతే తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. పగుళ్లలో ఒక సీతాఫలం పొద, ఒక రావి మొక్క.

లైను గుట్టను కోసుకుని పోయే చోట పెడతావా? అప్పుడు పై నుంచి కిందికి రంగులు ఇట్లా రావాలి: పైన ఒక సెంటీమీటరు ఎర్ర మట్టి, దాని కింద పసుపు తెలుపు కలిసిన మొరం, దాని కింద గట్టి రాయి. రాయి భాగంలో అక్కడక్కడ సన్నటి సగం గొట్టాల్లాంటి నిలువు గాడులు గియ్యి, పేలుడుకు డ్రిల్ చేసిన గుర్తులు అవి.

చెట్లలో ముందు తాటి చెట్టు నేర్చుకో. అది లేకుండా నల్లగొండ లేదు. పన్నెండు పదిహేను మీటర్ల చెట్టు అనుకుంటే హెచ్‌ఓలో 14 నుంచి 17 సెం.మీ. రావాలి. నువ్వు ఫోటోలో పెట్టిన ప్లాస్టిక్ చెట్లు ఆరు సెంటీమీటర్లు కూడా లేవు, స్టేషన్ కప్పు కంటే చెట్టు పొట్టిగా ఉంది. మాను కోసం కబాబ్ పుల్ల సరిపోతుంది, దాని మీద సన్న దారం దగ్గర దగ్గరగా చుట్టి జిగురు పూసి ముదురు బూడిద వెయ్యి. ఆకులకు సన్న కాగితం, 12 నుంచి 15 మి.మీ. గుండ్రాలు కోసి, విసనకర్రలా మడతలు పెట్టి, అంచులు కత్తెరతో చీల్చు. ఒక్కో దానికి సన్న రాగి తీగ కాడ. ఇరవై ముప్పై ఆకులు కావాలి, పైవి పచ్చగా నిలబడి ఉండాలి, కిందివి ఎండి వేలాడుతుండాలి. ఆ ఎండిన మట్టలే తాటి చెట్టును కొబ్బరి చెట్టు కాకుండా కాపాడేది. రెండు చెట్లకు లొట్లు (కల్లు కుండలు) కట్టు, మూడు మి.మీ. పూస గోధుమ రంగు వేస్తే చాలు. ఒంటి తాటి చెట్టు కాకుండా నాలుగైదు కలిపి చెరువు కట్ట మీదో, చేను గట్టు మీదో వరసగా పెట్టు, ఎత్తులు సమానంగా ఉండొద్దు.

వేప, చింతకు పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలుగా విడదియ్యి. వేప 10, 12 సెం.మీ., చింత దానికంటే వెడల్పు, గొడుగులాగా. మాను మీద పుట్టీ, ఫెవికాల్ కలిపి పూస్తే బెరడు వస్తుంది. ఆకులకు పాత స్పాంజి ముక్కలు నీళ్లతో మిక్సీ పట్టి, నీళ్లు పిండేసి, రంగు కలిపి ఆరబెట్టుకో (ఆ జార్ మళ్లీ వంటకు పనికిరాదు, ఇంట్లో ముందే చెప్పి పాతది అడుగు). ఒకే పచ్చ వాడకు. చింత ముదురు, వేప లేత, సర్కారు తుమ్మ బూడిద పచ్చ. సర్కారు తుమ్మకైతే తీగలు కూడా అక్కర లేదు, ఎండిన వెంపలి చెట్టు కొమ్మలు, పూత రాలిన తులసి కంకులు అట్లాగే నీళ్ల ఫెవికాల్‌లో ముంచి పైన సన్న పొడి చల్లితే సరిపోతుంది. లైను పక్కన ఖాళీ జాగా అంతా దానిదే కదా. బత్తాయి తోట పెడితే గుండ్రటి చిన్న చెట్లు, ఐదారు సెం.మీ., ఒక్కో దానికి మధ్య ఏడెనిమిది సెం.మీ. ఎడం, నిటారు వరసలు. చెట్ల కింద ఆకు రాలిన చోట వాడేసిన చాయ్ పత్తి బాగా ఎండబెట్టి చల్లు, ఏమాత్రం తడి ఉన్నా బూజు పడుతుంది.

గడ్డి గురించి తక్కువ చెప్తా. నవంబర్ అనుకున్నాం కాబట్టి మూడొంతులు ఎండు గడ్డి రంగు, ఒక వంతు పచ్చ, అదీ నీళ్లున్న చోటే. సుతిలి తాడు సన్నగా, నాలుగైదు మి.మీ. ముక్కలుగా కత్తిరిస్తే రంగు వెయ్యకుండానే మన ఎండు గడ్డి. నిలబెట్టాలంటే స్టాటిక్ గ్రాస్ మిషన్ (గడ్డి పోచలను కరెంటుతో నిలువుగా నిలబెట్టేది) కావాలి, దోమల బ్యాట్ విప్పి చేసుకోవడం చాలామంది చూపిస్తారు. దాంట్లో కెపాసిటర్ స్విచ్ ఆపినా కరెంటు పట్టుకుని ఉంటుంది, గట్టిగా షాక్ కొడుతుంది. కరెంటు పని తెలిసినవాళ్లు పక్కన లేకుండా దాని జోలికి పోవద్దు. సుతిలి కుచ్చులు చిన్న రంధ్రాల్లో నాటినా చాలు, బండల మొదళ్లలో, గట్ల మీద గుంపులుగా, మధ్యలో మట్టి కనిపిస్తూ. పత్తి చేనుకు సెంటీమీటరు ఎడంతో సాళ్లు గీసి, గోధుమ రంగు వేసిన కొబ్బరి పీచు కుచ్చులు నాటి, కొసలకు తెల్ల రంగు చుక్కలు పెట్టు.

కుంట పెడితే బల్ల ఆ చోట సమంగా ఉందో లేదో లెవెల్‌తో చూసి, అడుగు గోధుమ ఎరుపు వేసి (నీలం వెయ్యకు, మన కుంట నీళ్లు నీలంగా ఉండవు), ఎపాక్సీ రెజిన్ రెండు మూడు మి.మీ. పొరలుగా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి పొయ్యి. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది. గ్లౌజులు వేసుకో, కిటికీలు తెరువు.

స్టేషన్‌లో ఒక్క బోర్డు సరిగ్గా పెట్టు చాలు. పసుపు మీద నల్ల అక్షరాలు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు, చాలా స్టేషన్లలో ఉర్దూ కూడా ఉంటుంది, కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు. ఏ స్టేషన్ చేస్తున్నావో ఆ బోర్డు ఫోటో చూసి క్రమం అట్లాగే పెట్టు. జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించుకుని, కోసిన అంచులకు పసుపు స్కెచ్ పెన్ రాయి, లేకపోతే తెల్ల కాగితం అంచు దూరం నుంచే కనిపిస్తుంది. ఎత్తు ప్లాట్‌ఫాం అయితే పట్టా పైభాగం నుంచి సుమారు 9 మి.మీ., చిన్న స్టేషన్లలో దానికంటే తక్కువే ఉంటుంది. కంచెకు రాతి కడీలు (సన్న రాతి స్తంభాలు), మధ్యలో సన్న తీగ. రేపెప్పుడన్నా కరెంటు లైను చేద్దామనిపిస్తే గుర్తుంచుకో, నిజం స్తంభాల మధ్య ఎడం 72 మీటర్ల దాకా ఉంటుంది, అంటే హెచ్‌ఓలో 80 సెం.మీ. పైనే. నీ బల్ల మీద 30 సెం.మీ.కి ఒకటి పెడితేనే బాగుంటుంది. అన్నీ కొలత ప్రకారమే ఉండాల్సిన పని లేదు, ఎక్కడ తగ్గించాలో తెలిస్తే చాలు.

బండ్లు కొత్తగా మెరుస్తుంటే ఇంత పనీ వృథా. పొడి రంగు చాక్‌లు (సాఫ్ట్ పాస్టెల్) ఉప్పు కాగితం మీద గీకి, ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో వ్యాగన్ల మీద రుద్దు. చక్రాల దగ్గర తుప్పు గోధుమ, సిమెంటు ఎక్కించే వ్యాగన్లకు తలుపుల చుట్టూ తెల్లటి బూడిద, బొగ్గువాటికి లోపల నలుపు. పైన మ్యాట్ వార్నిష్ పల్చగా కొడితే చేతికి అంటదు. వార్నిష్ తగిలితే పొడి రంగు కాస్త తగ్గుతుంది, అందుకని మొదట కొంచెం ఎక్కువే రుద్దు. ఇంజిన్ చక్రాల నడిచే భాగానికి, కరెంటు అందుకునే చోట్లకు ఏదీ తగలనివ్వకు.

మనుషుల్ని తక్కువ పెట్టు. బయటి బొమ్మలకు కోట్లు, టోపీలు ఉంటాయి, టోపీ చెక్కేసి పుట్టీతో తలపాగా, టిష్యూ కాగితం నీళ్ల ఫెవికాల్‌లో ముంచి చీర కుచ్చిళ్లు. ఆరాక రంగులు. మనిషి ఎత్తు 19 మి.మీ. అటూ ఇటూ. పరుగెత్తే, చెయ్యి ఊపే బొమ్మలు వద్దు, రోజంతా అట్లాగే నిలబడి ఉంటే అబద్ధంలా ఉంటుంది. కూర్చున్నవాళ్లు, నిలబడి మాట్లాడుకునేవాళ్లు, బండి కోసం ఎదురుచూసేవాళ్లు బాగుంటారు. నలుగురిని చాయ్ డబ్బా దగ్గర గుంపుగా పెట్టు, ప్లాట్‌ఫాం చివరిదాకా ఖాళీ వదిలెయ్. రోడ్డు లైనును దాటే రైల్వే గేటు దగ్గర ఒక పల్లె వెలుగు బస్సు, దాని పక్కనుంచి ముందుకు దూరిన రెండు బైకులు, వెనక మేకల మంద. ఆ గేటు ఒక్కటి బాగా చేస్తే ఇంకే దృశ్యమూ అక్కర లేదు.

వెనక గోడకు ఆకాశం వేస్తే ముదురు నీలం వద్దు. మన ఆకాశం కిందికి వచ్చేకొద్దీ దుమ్ము తెలుపు. దూరపు గుట్టలు పల్చటి బూడిద నీలంలో, గీతలు లేకుండా.

ఇక దుమ్ము, ఎండ, చెదలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు ఏసీ లేని గదిలో పట్టాలు సాగుతాయి. రెండు మీటర్ల పట్టా 30 డిగ్రీల తేడాకు సుమారు ఒక మి.మీ. పెరుగుతుంది, వానాకాలం తేమకు చెక్క దానికంటే ఎక్కువ కదులుతుంది. కంకర అతికించే ముందే కొన్ని కీళ్ల దగ్గర అర మి.మీ. సందు ఉందో లేదో చూడు, కంకర గట్టిపడ్డాక సందు లేకపోతే మే నెలలో పట్టా పైకి లేస్తుంది. సందు ఉన్న ప్రతి పట్టాకూ కింది నుంచి వైరు విడిగా ఇవ్వు, జాయినర్‌ను (రెండు పట్టాలను కలిపే రేకు ముక్కను) నమ్ముకోకు. బల్ల కాళ్లు గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం పెట్టు, రంగులు వేసేముందే ప్లైవుడ్ కింది వైపు చెదల మందు కొట్టించు. దుమ్ముకు పాలిథిన్ కప్పొద్దు, లోపల తేమ పట్టి మట్టికి బూజు వస్తుంది. పాత నూలు దుప్పటి చాలు, కానీ నేరుగా చెట్ల మీద కప్పితే కొమ్మలు విరుగుతాయి. నాలుగు మూలలా తాటి చెట్టు కంటే ఎత్తు పీవీసీ పైపులు నిలబెట్టి, వాటి మీద నుంచి దుప్పటి వెయ్యి. నెలకోసారి మెత్తటి మేకప్ బ్రష్‌తో దులుపుతూ, వాక్యూమ్ గొట్టం మూతికి పల్చటి గుడ్డ కట్టి పక్కనే పట్టుకో, ఊడిన బొమ్మలు ఏమన్నా ఉంటే గుడ్డ మీద ఆగుతాయి. మొదట గేటు ఉన్న మూల ఒక్క అడుగు చదరం పూర్తి చేసి, ఫోన్‌ను బల్ల ఎత్తుకు దించి తీసిన ఫోటో పెట్టు, పై నుంచి తీసింది కాదు. మట్టి రంగు సరిపోయిందో లేదో అప్పుడు చెప్తా.